నీటికాసుల స్క్రీనింగ్: చేతిలో ఇమిడే పరికరం, దూరాన ఉన్న వైద్యుడు

తెలుగులో నీటికాసులు అని పిలిచే గ్లకోమా నిజానికి ఒక్క జబ్బు కాదు. కంటి వెనుక పొర అయిన రెటీనా నుంచి మెదడుకు చూపును మోసుకెళ్లే ఆప్టిక్ నరం ఒక ప్రత్యేకమైన తీరులో క్రమంగా దెబ్బతినే కొన్ని జబ్బులకు అది ఉమ్మడి పేరు. ఆ నరంలో పది పన్నెండు లక్షల తంతువులు ఉంటాయి. అవి ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా చచ్చిపోతూ ఉంటే ముందుగా పోయేది చుట్టుపక్కల చూపే తప్ప నడిమధ్య చూపు కాదు. ఒక కంటిలో లోపించిన భాగాన్ని రెండో కన్ను పూరిస్తుంది, అది కూడా చాలకపోతే మెదడే ఖాళీని ఏదో ఒక రకంగా అల్లేస్తుంది. అందుకే జబ్బు బాగా ముదిరిన మనిషి కూడా గోడ మీది అక్షరాల పట్టికను చివరి వరుస దాకా తడబడకుండా చదవగలడు, చూపు బాగానే ఉందన్న ధీమాతో ఇంటికి వెళ్లగలడు. పోయిన తంతువు తిరిగి రాదు. చికిత్స చేయగలిగేది మిగిలినవాటిని కాపాడడం మాత్రమే. కాబట్టి మనిషి తనంతట తాను కంటి వైద్యుడి దగ్గరికి వచ్చేదాకా ఆగకుండా, లక్షణాలు లేకముందే పరీక్షించే స్క్రీనింగ్ ద్వారా వైద్యమే మనిషి దగ్గరికి వెళ్లాలన్న ఆలోచన ఈ జబ్బు విషయంలో సహజంగానే పుడుతుంది.

జబ్బు విస్తృతి కూడా ఆ ఆలోచనకు బలం ఇస్తుంది. 2014లో వెలువడిన ఒక అంచనా ప్రకారం 40 నుంచి 80 ఏళ్ల లోపు వారిలో సుమారు 3.5 శాతం మందికి గ్లకోమా ఉంది. ప్రపంచం మొత్తం మీద బాధితుల సంఖ్య 2020 నాటికి 7.6 కోట్లకు, 2040 నాటికి 11 కోట్ల పైకి చేరుతుందని అదే అధ్యయనం లెక్కగట్టింది. వైద్య సదుపాయాలు దండిగా ఉన్న దేశాల్లో సైతం బాధితుల్లో దాదాపు సగం మందికి తమకు ఆ జబ్బు ఉన్నట్టు తెలియదు. సదుపాయాలు తక్కువైన చోట్ల తెలియనివారి పాలు ఇంకా ఎక్కువ.

ఇన్నాళ్లూ అడ్డుగా నిలిచింది పరికరాల బరువు. గ్లకోమాను నిర్ధారించే గదిలో కంటిని పెద్దదిగా చూపే స్లిట్ ల్యాంప్, దానికి బిగించి కంటి ఒత్తిడిని కొలిచే గోల్డ్‌మన్ టోనోమీటర్, దృష్టి క్షేత్రాన్ని, అంటే చూపు ఎంత మేర పరుచుకుని ఉందన్నదాన్ని కొలిచే గిన్నె ఆకారపు యంత్రం, నరపు పొర మందాన్ని చూపే ఓసీటీ స్కానర్ ఉంటాయి. అన్నీ బల్లకు, కరెంటుకు, శిక్షణ పొందిన చేతులకు కట్టుబడినవే. గత రెండు దశాబ్దాల్లో వీటిలో చాలావాటికి చేతిలో ఇమిడే రూపాలు వచ్చాయి. బ్యాటరీతో నడిచే రీబౌండ్ టోనోమీటర్, కంటి వెనుక భాగాన్ని ఫొటో తీసే, చేత్తో పట్టుకునే ఫండస్ కెమెరా, స్మార్ట్‌ఫోన్ లెన్సుకు తగిలించే అడాప్టర్, ట్యాబ్లెట్ మీద గానీ తలకు తొడుక్కునే కళ్లద్దాల్లో గానీ నడిచే దృష్టి క్షేత్ర పరీక్ష ఇప్పుడు ఒక పెట్టెలో సర్దుకుని వెళ్లగలిగినవి. టెలిమెడిసిన్ వీటిని దూరాన ఉన్న నిపుణుడితో కలుపుతుంది. అలాగని వైద్యుడు వీడియోలో ఎదురుగా కూర్చోడు. సాధారణంగా టెక్నీషియన్ చిత్రాలను, కొలతలను నమోదు చేసి భద్రపరుస్తాడు, నెట్‌వర్క్ అందినప్పుడు పంపుతాడు, రీడింగ్ సెంటర్‌లో నిపుణులు తీరిక చూసుకుని చదివి తీర్పు రాస్తారు. ఒక నిపుణుడి సమయం అనేక ఊళ్లకు పంచడానికి వీలైన పద్ధతి ఇది.

పరికరాలు పనిచేస్తాయా అన్న ప్రశ్నకు సమాధానం చాలావరకు అవుననే చెప్పాలి. అసలు చిక్కు అవి ఇచ్చే అంకెకు, చిత్రానికి ఎంత అర్థం ఉందన్న దగ్గర ఒకసారి, ఆ అర్థం తెలిశాక మనిషికి ఏమవుతుందన్న దగ్గర మరోసారి ఎదురవుతుంది. మధుమేహం వల్ల రెటీనా దెబ్బతినే జబ్బును ఇదే పద్ధతిలో పట్టుకోవడం బాగా కుదిరింది కాబట్టి గ్లకోమాకూ కుదురుతుందనే పోలిక తరచుగా వినిపిస్తుంది. ఆ పోలిక కొంత తొందరపాటు. అక్కడ చిత్రంలో రక్తపు చుక్క కనిపిస్తే అది రక్తపు చుక్కే. ఇక్కడ చిత్రంలో కనిపించేది ఎంతోమంది ఆరోగ్యవంతుల్లోనూ కొంత ఉండే ఒక గుంట.

ముందుగా కంటి ఒత్తిడి సంగతి. కంట్లో ఊరే నీటి వల్ల ఉండే ఈ ఒత్తిడి ఎక్కువైతే నరం దెబ్బతినే ప్రమాదం పెరుగుతుంది. రీబౌండ్ టోనోమీటర్ పనితీరు చూడముచ్చటగా ఉంటుంది. సన్నని లోహపు కడ్డీ, దాని కొనకు చిన్న ప్లాస్టిక్ గుండు. అయస్కాంత తీగచుట్ట దాన్ని నల్లగుడ్డు (కార్నియా) మధ్యభాగం మీదికి మెల్లగా విసురుతుంది, అది తగిలి వెనక్కి వస్తుంది. కన్ను ఎంత బిగువుగా ఉంటే కడ్డీ అంత త్వరగా వేగం కోల్పోయి వెనుదిరుగుతుంది. ఆ మార్పును యంత్రం ఒత్తిడిగా లెక్కిస్తుంది. ఆరు సార్లు తాకించి, అన్నిటికన్నా ఎక్కువదాన్ని, తక్కువదాన్ని పక్కన పెట్టి మిగిలినవాటి సగటు చూపిస్తుంది. మత్తు చుక్కలు అక్కర్లేదు, తాకినట్టు కూడా చాలామందికి తెలియదు. అయితే కడ్డీ కంటికి నాలుగు నుంచి ఎనిమిది మిల్లీమీటర్ల దూరంలో, నిటారుగా, సరిగ్గా మధ్యకు గురిపెట్టి ఉండాలి. భయంతో కళ్లు బిగించే పెద్దాయన రెప్పను టెక్నీషియన్ వేలితో ఎత్తేటప్పుడు ఆ వేలు కనుగుడ్డు మీద ఆనితే అంకె పెరుగుతుంది. రెప్పను కంటి గూటి ఎముక అంచు మీదికి నొక్కి పట్టాలే గానీ గుడ్డు మీద ఆనించకూడదు. ఊపిరి బిగబట్టినా, చొక్కా కాలర్ మెడను నొక్కుతున్నా అంకె పెరుగుతుంది. నల్లగుడ్డు పొర సగటు కన్నా మందంగా ఉన్నవారిలో ఉన్నదానికంటే ఎక్కువ, పలచగా ఉన్నవారిలో తక్కువ చూపిస్తుంది. పైగా కంటి ఒత్తిడి రోజంతా ఒకేలా ఉండదు. పొద్దున ఒకటి, సాయంత్రం మరొకటి, పడుకున్నప్పుడు ఇంకొకటి.

ఈ లోపాలన్నీ సరిదిద్దినా మిగిలే ఇబ్బంది ఇంకా పెద్దది. పాదరస మట్టంలో 21 మిల్లీమీటర్లు దాటితే ఒత్తిడి ఎక్కువ అని చాలాకాలంగా ఒక గీత గీసుకున్నారు. అమెరికాలో 1980ల్లో జరిగిన బాల్టిమోర్ సర్వేలో గ్లకోమా ఉన్నట్టు తేలినవారిలో దాదాపు సగం మందికి పరీక్ష చేసిన రోజున ఒత్తిడి ఆ గీత లోపలే ఉంది. జపాన్‌లోని తజిమిలో జరిగిన అధ్యయనంలో, కంట్లోని నీరు బయటికి పోయే కోణం తెరిచి ఉండే రకం గ్లకోమా ఉన్నవారిలో 92 శాతం మంది ఒత్తిడి 21కి మించలేదు. దీనికి రెండో వైపు కూడా ఉంది. ఒత్తిడి ఎక్కువగా ఉండి నరం దెబ్బతినని 1,636 మందిని గమనించి 2002లో ఫలితాలు ప్రకటించిన అమెరికా పరిశోధనలో, మందు వాడనివారిలో ఐదేళ్లకు గ్లకోమా వచ్చింది 9.5 శాతం మందికే. మందు వాడినవారిలో అది 4.4 శాతం. అంటే ఒత్తిడిని తగ్గిస్తే మేలు జరుగుతుందనేది నిజమే, కానీ ఒత్తిడి అంకె ఒక్కదాన్ని పట్టుకుని ఎవరు రోగి, ఎవరు కాదు అని తేల్చడం కుదరదు. శిబిరంలో టోనోమీటర్ మాత్రమే పట్టుకెళ్లి గ్లకోమా స్క్రీనింగ్ చేశామని చెప్పుకోవడం ఇప్పటికీ కనిపిస్తూనే ఉంది. అది ఒత్తిడి కొలత మాత్రమే.

కాబట్టి భారం ఆప్టిక్ నరం చిత్రం మీద పడుతుంది. కంటి వెనుక రెండు మిల్లీమీటర్ల లోపు వెడల్పుండే గుండ్రని బిళ్ల, మధ్యలో గుంట, చుట్టూ నరపు తంతువుల అంచు: చూడవలసింది ఇంతే. తంతువులు చచ్చిపోతున్నకొద్దీ అంచు పలచబడి గుంట పెద్దదవుతుంది. గుంటకూ బిళ్లకూ ఉన్న నిలువు నిష్పత్తిని చాలా కార్యక్రమాలు కొలమానంగా తీసుకుంటాయి. 0.7 దగ్గర గీత గీయడం మామూలే. కానీ పుట్టుకతోనే బిళ్ల పెద్దగా ఉన్నవారికి గుంట కూడా పెద్దగానే ఉంటుంది. వారి కంట్లో 0.7 ఉండడం జబ్బు కాకపోవచ్చు. చిన్న బిళ్ల ఉన్న మనిషికి 0.5 దగ్గరే నష్టం జరిగి ఉండవచ్చు. అందుకే అనుభవం ఉన్న నిపుణుడు నిష్పత్తి దగ్గర ఆగడు. అంచులో ఒకచోట కోత పడిందా, బిళ్ల ఒడ్డున సన్నని నిప్పుకణిక లాంటి రక్తపు గీత ఉందా, రెండు కళ్ల మధ్య తేడా ఎంత, బిళ్ల నుంచి విసనకర్రలా పరుచుకునే తంతువుల పొరలో చీకటి చార ఉందా అని చూస్తాడు. ఇవన్నీ కనిపించాలంటే చిత్రం స్పష్టంగా ఉండాలి. మామూలు కెమెరా ఇచ్చేది చదునైన చిత్రం కాబట్టి గుంట లోతును రక్తనాళాలు వంగే చోటును బట్టి ఊహించుకోవాలి.

స్పష్టమైన చిత్రం తీయడం శిబిరంలో ఎంత కష్టమో తీసినవారికే తెలుసు. కంటిపాపను పెద్దది చేసే చుక్కలు వేస్తే పని సులువవుతుంది. అయితే గంటల తరబడి చూపు మసకబారుతుంది, కోణం ఇరుకైన కళ్లలో అరుదుగా ఒత్తిడి ఒక్కసారిగా పెరిగే ప్రమాదమూ ఉంది. అందుకే ఎక్కువ కార్యక్రమాలు చుక్కలు లేకుండా చీకట్లో తీస్తాయి. గది చీకటిగా లేకపోతే తల మీద నల్లగుడ్డ కప్పుతారు. కుడి కంటికి ఫ్లాష్ కొట్టగానే రెండు పాపలూ ఒక్కసారే ముడుచుకుంటాయి. ఎడమ కంటి చిత్రం బాగా రావాలంటే అవి మళ్లీ విప్పారేదాకా కొన్ని నిమిషాలు ఆగాలి. బయట వరుస పెరుగుతున్నప్పుడు ఆ కొన్ని నిమిషాలే ముందుగా కోతకు గురవుతాయి, రెండో కంటి చిత్రం బూడిద రంగు మసకగా మిగులుతుంది. గ్లకోమా ఎక్కువగా వచ్చే వయసులోనే శుక్లాలు కూడా వస్తాయి కాబట్టి ఎంత ఓపికగా తీసినా చదవడానికి పనికిరాని చిత్రాలు కొన్ని తప్పవు. వాటిని లెక్కలోంచి తీసేసి మిగిలినవాటి మీద పరికరం గొప్పతనాన్ని చెప్పే నివేదికలను జాగ్రత్తగా చదవాలి. చిత్రం రాని మనిషి కంటిలో ఏదో ఒక ఇబ్బంది ఉండే అవకాశమే ఎక్కువ. అతన్ని ‘ఫలితం లేదు’ గడిలో పడేయకుండా వైద్యుడి దగ్గరికి పంపవలసినవారి జాబితాలో చేర్చడమే సరైన పద్ధతి.

చిత్రం తీయడానికి డాక్టరే అక్కర్లేదని మాత్రం రుజువైంది. కెన్యాలో స్మార్ట్‌ఫోన్ అడాప్టర్‌తో ఆప్టిక్ నరం చిత్రాలు తీసి వాటిని బల్ల మీది కెమెరా చిత్రాలతో పోల్చి చూసిన అధ్యయనం 2016లో వెలువడింది. వైద్య నేపథ్యం లేని వ్యక్తి శిక్షణ తరువాత తీసిన చిత్రాలు అనుభవజ్ఞులు తీసినవాటితో పోల్చదగినట్టుగా ఉన్నాయని అందులో తేలింది.

దృష్టి క్షేత్ర పరీక్ష విషయానికి వస్తే, ట్యాబ్లెట్లు, తలకు తొడిగే పరికరాలు ఆశాజనకంగానే ఉన్నా స్క్రీనింగ్‌లో వాటి పాత్ర సహాయకమైనదే. తెర మీద చుక్క కనిపించగానే నొక్కాలి, చూపు మాత్రం మధ్యలోంచి కదలకూడదు. మొదటిసారి చేసేవారిలో తప్పులు సహజం. రెండోసారి అదే మనిషి మెరుగ్గా చేస్తాడు. పైగా రెటీనా నాడీకణాల్లో కనీసం పావు వంతు పోయాక గానీ ఈ పరీక్షలో లోపం నమ్మదగిన స్థాయిలో బయటపడకపోవచ్చు. తొలి దశను పట్టడానికి కాక, ఇప్పటికే చూపు కోల్పోతున్నవారిని వెంటనే గుర్తించడానికి ఇది పనికొస్తుంది. అదేమీ చిన్న పని కాదు.

ఈ పెట్టెలో చాలాసార్లు అసలే లేనిది కోణాన్ని చూసే సాధనం. కంట్లో ఊరే నీరు బయటికి పోయే మార్గం కనుపాప రంగు పొరకూ నల్లగుడ్డుకూ మధ్య ఉన్న కోణంలో ఉంటుంది. ఆ కోణం ఇరుకై మూసుకుపోయే రకం గ్లకోమా తూర్పు ఆసియాలో, మరికొన్ని ప్రాంతాల్లో ఎక్కువ. మొత్తం గ్లకోమాలో దాని పాలు తక్కువైనా అంధత్వంలో దాని వాటా చాలా పెద్దది. కోణం మూసుకుపోతున్న కంటిలో నరం ఇంకా చెక్కుచెదరకుండా, ఆ పూట ఒత్తిడి మామూలుగా ఉండవచ్చు. కెమెరా, టోనోమీటర్ రెండూ కలిసి బాగానే ఉందని పంపేస్తాయి. పక్క నుంచి టార్చి వేసి నీడ చూడడం, ఫోనుకు తగిలించే స్లిట్ ల్యాంప్‌తో నల్లగుడ్డు వెనుక ఉండే ముందుగది లోతు అంచనా వేయడం కొంతవరకు ఆదుకుంటాయి. అయితే ఇరుకైన ప్రతి కోణానికీ ముందుజాగ్రత్తగా రంగు పొరలో లేజర్ రంధ్రం వేయించాలన్న ఉబలాటానికి 2019లో వెలువడిన గ్వాంగ్‌జౌ పరిశోధన పగ్గం వేసింది. 889 మందిలో ఒక కంటికి లేజర్ చేసి, రెండో కంటిని అలాగే వదిలి ఆరేళ్లు చూస్తే లేజర్ ప్రమాదాన్ని తగ్గించింది గానీ చేయని కళ్లలోనూ జబ్బు ముదిరినవి చాలా తక్కువ. కనుక అందరికీ చేయడం అనవసరమని పరిశోధకులు తేల్చారు.

ఇప్పుడు లెక్కలోకి దిగితే చిక్కు స్పష్టమవుతుంది. నలభై దాటిన 1,000 మందిని పరీక్షించారనుకుందాం. వారిలో 35 మందికి జబ్బు ఉంది. జబ్బు ఉన్నవారిలో 80 శాతాన్ని పట్టగలిగిన, లేనివారిలో 90 శాతాన్ని సరిగ్గా వదిలేయగలిగిన మంచి పరికరాల జట్టు మన దగ్గర ఉందనుకుందాం. 28 మంది దొరుకుతారు, ఏడుగురు జారిపోతారు. మిగిలిన 965 మందిలో 97 మంది జబ్బు లేకుండానే అనుమానితుల జాబితాకు ఎక్కుతారు. ఆసుపత్రికి పంపవలసినవారు 125 మంది, అందులో నిజంగా జబ్బు ఉన్నవారు 28. నలుగురిలో ముగ్గురికి పైగా దూరప్రయాణం చేసి, కూలి పోగొట్టుకుని, బెంగపడి, ఏమీ లేదని తెలుసుకుని వెనక్కి వస్తారు. వారి వరుసలో నిలబడిన అసలు రోగికి కూడా ఆలస్యమే. జల్లెడ కన్నాలు చిన్నవి చేస్తే జారిపోయేవారు తగ్గి, అనవసరంగా వెళ్లేవారు పెరుగుతారు. పెద్దవి చేస్తే అటుదిటవుతుంది. ఈ తూకం సాఫ్ట్‌వేర్‌లో ఎక్కడో ఒక సంఖ్యగా దాగి ఉంటుంది, దాన్ని ఎవరు ఏ కారణంతో నిర్ణయించారో చాలా కార్యక్రమాలు బయటికి చెప్పవు.

అదే జట్టును మార్చకుండా ఎవరిని పరీక్షిస్తున్నామన్నది మార్చితే దృశ్యం మారిపోతుంది. 1998లో వెలువడిన రోటర్‌డామ్ కుటుంబ అధ్యయనం ప్రకారం గ్లకోమా రోగుల దగ్గరి రక్తసంబంధీకులకు జీవితకాలంలో ఆ జబ్బు వచ్చే అవకాశం 22 శాతం. మిగతావారి బంధువుల్లో అది 2.3 శాతమే. 1,000 మందిలో 100 మందికి జబ్బు ఉండే గుంపును ఎంచుకోగలిగితే, అవే పరికరాలతో 170 మందిని పంపినప్పుడు 80 మంది నిజమైన రోగులు ఉంటారు. ఇప్పటికే చికిత్స పొందుతున్న ప్రతి రోగి అన్నదమ్ములను, అక్కచెల్లెళ్లను, పెద్దవారైన పిల్లలను పిలిపించి పరీక్షించడం కొత్త కెమెరా కొనడం కన్నా ఎక్కువ ఫలితం ఇచ్చే పని అని ఈ లెక్క చెబుతుంది. వయసు అరవై దాటడం, దూరపువి మసకగా కనిపించే హ్రస్వదృష్టి బాగా ఎక్కువగా ఉండడం, స్టెరాయిడ్ చుక్కలు లేదా మాత్రలు చాలాకాలం వాడడం కూడా ఇలాంటి గుర్తులే. కోణం తెరిచి ఉండే రకం ఆఫ్రికా మూలాలున్నవారిలో ఎక్కువ అన్నది కూడా బాగా తెలిసిందే.

అమెరికాలో నివారణ సేవల మీద సలహాలిచ్చే నిపుణుల బృందం 2022లో కూడా, అంతకుముందు 2013లో చెప్పినట్టే, లక్షణాలు లేని పెద్దలందరికీ గ్లకోమా స్క్రీనింగ్ చేయడం వల్ల మేలెంత, కీడెంత అని తేల్చడానికి ఆధారాలు చాలవని ప్రకటించింది. దీన్ని స్క్రీనింగ్ పనికిరాదన్న తీర్పుగా ప్రచారం చేసినవారు ఉన్నారు. అది సరికాదు. చికిత్స పనిచేస్తుందనడానికి సాక్ష్యం గట్టిగానే ఉంది. స్వీడన్‌లో జరిగిన తొలి దశ గ్లకోమా పరిశోధనలో ఒత్తిడి ఒక్కో మిల్లీమీటరు తగ్గినప్పుడల్లా జబ్బు ముదిరే ప్రమాదం దాదాపు పది శాతం తగ్గింది. లేనిది వీధి నుంచి చికిత్స దాకా మొత్తం గొలుసును కొలిచిన సాక్ష్యం.

ఆ గొలుసులో చిత్రం చదివే పనిని కృత్రిమ మేధకు అప్పగించే ప్రయత్నాలు జోరుగా సాగుతున్నాయి. నెదర్లాండ్స్ పరిశోధకులు లక్షకు పైగా కంటి చిత్రాలతో నిర్వహించిన ఒక బహిరంగ పోటీ ఈ విషయంలో మెచ్చుకోదగ్గ పని చేసింది. గ్లకోమాను గుర్తించడంతో పాటు, ఈ చిత్రం చదవడానికి పనికిరాదు అని ప్రోగ్రామే చెప్పగలగాలని షరతు పెట్టింది. తెలియనప్పుడు తెలియదనే యంత్రం శిబిరంలో ఎంతో విలువైనది. అయితే ఒక కెమెరాతో, ఒక జనాభా చిత్రాలతో నేర్చుకున్న ప్రోగ్రాం మరో కెమెరా ముందు, మరో జనాభా బిళ్లల పరిమాణం ముందు తడబడుతుంది. శిక్షణలో దానికి సరైన జవాబులుగా ఇచ్చినవి కూడా నిపుణుల అభిప్రాయాలే, ఒకే చిత్రం మీద నిపుణులు విభేదించడం ఈ జబ్బులో నిత్యం జరిగేదే.

ఇక గొలుసు తెగేది ఎక్కువగా చివరి లంకె దగ్గరే. ఫిలడెల్ఫియాలో సాధారణ వైద్యుల క్లినిక్‌లలో చేతి కెమెరా, రీబౌండ్ టోనోమీటర్‌తో నడిచిన టెలిమెడిసిన్ అధ్యయనంలో 900 మందికి పైగా పాల్గొన్నారు. నరం అనుమానాస్పదంగా ఉండడం, ఒత్తిడి ఎక్కువగా ఉండడం, చిత్రం చదవడానికి రాకపోవడం వంటి కారణాలతో సగానికి పైగా జనాన్ని మళ్లీ పిలవవలసి వచ్చింది. పిలిచినవారిలో సుమారు మూడింట రెండు వంతుల మంది వచ్చారు. గమనించవలసింది ఏమిటంటే, ఆ రెండో పరీక్ష దూరాన ఉన్న కంటి ఆసుపత్రిలో కాదు, నిపుణుడు పరికరాలు వెంట తెచ్చుకుని అదే క్లినిక్‌లో చేశాడు. అలవాటైన గుమ్మం, అలవాటైన మొహాలు, ఫోన్లో గుర్తుచేసే మనిషి ఉన్నా మూడో వంతు మంది రాలేదంటే, ‘పెద్దాసుపత్రిలో చూపించుకోండి’ అని చీటీ చేతిలో పెట్టి పంపే శిబిరాల్లో ఏం జరుగుతుందో ఊహించవచ్చు. నొప్పి లేదు, చూపు బాగానే ఉంది, అక్షరాలన్నీ చదివాడు. ఆ మనిషికి వెళ్లవలసిన అవసరం ఏమిటో ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు.

ఆ చీటీ మీద ఏం రాసి ఉంటుందన్నది కూడా చూడవలసిందే. ‘నార్మల్’ అన్న ఒక్క ముక్కతో ఇంటికి పంపితే, పరీక్ష పట్టలేక జారవిడిచిన మనిషి ఇక పదేళ్లు కంటి వైద్యుడి వైపు చూడడు. ఆ రోజు నరం చిత్రంలో, ఒత్తిడిలో అనుమానించదగ్గది కనిపించలేదని, కోణాన్ని పరీక్షించలేదని, ఇంట్లో ఎవరికైనా నీటికాసులు ఉంటే మాత్రం ఈ చీటీతో సరిపెట్టుకోకుండా పూర్తి పరీక్ష చేయించుకోవాలని, మళ్లీ ఫలానా నెలలో రావాలని రాసి, ఆ నాలుగు ముక్కలు పైకి చదివి వినిపించడానికి టెక్నీషియన్‌కు రెండు నిమిషాలు పడుతుంది. కార్యక్రమం ప్రణాళిక వేసేటప్పుడు తలకు ఇన్ని నిమిషాలని లెక్కించేవారు సాధారణంగా చేర్చడం మరిచిపోయేది ఆ రెండు నిమిషాలనే.